రేవు దాకా వచ్చి ఆగినవాళ్ళు

ఏలూరులో మా వీధి పేరు తెలియని ఆటోవాళ్ళు కూడా "పిచ్చి డాక్టరమ్మ ఇల్లు" అంటే నేరుగా తెచ్చి గుమ్మం ముందు దింపేస్తారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. మనసుకి వైద్యం చేసేవాళ్ళకి ఈ ఊళ్ళల్లో ఇంతకన్నా మంచి బిరుదు రాదని తెలిశాక ఊరుకున్నాను. రిటైరయ్యాక ఇప్పుడు ఆ మాట వినబడక బెంగగా ఉంది. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి కాళ్ళు చెప్పుల కోసం వెతుక్కుంటాయి. వెళ్ళాల్సిన చోటేదీ లేదని గుర్తొచ్చి మళ్ళీ కుర్చీలో కూలబడతాను.

నా సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఇంటికి వచ్చి, "మేడమ్, పుస్తకాల్లో లేనివి ఏమైనా ఉంటే రాసివ్వండి" అంది. పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి తల్లీ. మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు మనం ఏ పేజీ తెరుస్తామన్నదే చిక్కు. నేను ఒకసారి తెరవాల్సిన పేజీ తెరవలేదు. ప్రమోషన్లూ బదిలీలూ అన్నీ వదిలేసి ఆ సంగతే రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ళ పేర్లు కొన్ని చెప్పను. ఆసుపత్రి పేరు అసలే చెప్పను.

*ఏమీ లేదు అనే మాట*

ముందు ఒక చిన్న సంగతి. పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో ట్రాక్టరు తోలే అతనొకడు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. దాన్ని బల్ల మీద బోర్లిస్తే ఈసీజీ కాగితాలు జారిపడ్డాయి. రెండేళ్ళలో తీయించినవి. ఒక్కదానిలోనూ దోషం లేదు.

"గుండె డాక్టరుగారు ఏమీ లేదన్నారండి. గ్యాసు డాక్టరుగారు కూడా ఏమీ లేదన్నారండి. ఏమీ లేకపోతే ట్రాక్టరెక్కితే ప్రాణం పోతన్నట్టు ఎందుకుంటందండీ? నేనేవన్నా నాటకాలాడతన్నానా అండీ?" అన్నాడు. అడుగుతూ అడుగుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పక్కన అతని భార్య నేల చూపులు చూస్తోంది. ఇంట్లో ఆవిడ కూడా ఆ మాటే అని ఉంటుందని అర్థమైంది.

మీరు రేపట్నుంచి వంద మందికి వంద సార్లు చెప్పబోయే మాట ఇదే కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. "ఏమీ లేదు" అనకండి. గుండెకి ఏమీ లేదు అనండి. రక్తానికి ఏమీ లేదు అనండి. ఆ మనిషికి ఏమీ లేదు అనకండి. గుండె దడ నిజం, చెమట నిజం, చచ్చిపోతానన్న భయం నిజం. ఒంట్లో ప్రమాద ఘంట ఒకటి అకారణంగా మోగుతోంది. ఆ మోతని అబద్ధమంటే వాళ్ళు మనల్ని వదిలేసి ఇంకో ఈసీజీ తీయించుకోవడానికి వెళతారు.

అలాగని ప్రతి భయానికీ జబ్బు పేరు తగిలించకండి. కోసిన వరి పొలంలో పనల మీద ఉండగా మబ్బేస్తే దెందులూరు రైతుకి నిద్ర పట్టదు. అది జబ్బు కాదు, వ్యవసాయం. అలాంటప్పుడు హాయిగా గురకపెట్టి నిద్రపోయే రైతు ఎవరైనా ఉంటే అతన్ని మాత్రం నా దగ్గరికి పంపండి, చూడాలని ఉంది.

*పెద్దాయన నియమం*

నాకు పని నేర్పిన సీనియర్ డాక్టరుగారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. నా సొంతూరు తాడేపల్లిగూడెంలో ఆయన వారానికొక రోజు రోగుల్ని చూసేవారు. నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. ఏలూరులో పాసింజరు ఎక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ళ అంటూ ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ వెళ్ళేది. నేను చదివిన చదువంతా ఒక ఎత్తు, ఆ పాసింజరులో ఆయన మరమరాల పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకుని చెప్పిన కబుర్లు ఒక ఎత్తు. ఇప్పటికీ ఆ లైను మీద రైలు కూత వినబడితే ఆయన ఎదుటి సీట్లో ఉన్నట్టే అనిపిస్తుంది. ఆయన లేరు. నాకు మళ్ళీ ఒక్కసారి ఆ కిటికీ పక్కన కూర్చోవాలని ఉంది.

ఆయనకో నియమం ఉండేది. రోగికి జబ్బు పేరు చెప్పకూడదు. "మాత్రియ్యి అమ్మాయ్, బలానికని చెప్పు. పేరు చెప్పావంటే అది ఊరంతా తిరుగుతుంది. మాత్ర కడుపులోనే ఉంటుంది" అనేవారు.

ఆయన ఊరికే అనలేదు. కామవరపుకోట వైపు అమ్మాయికి ఒకసారి ఆయన చీటీ మీద జబ్బు పేరు రాశారట. మందుల షాపులో ఎవరో చదివారు. తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల తండ్రి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయాడట. ఆ రోజు నుంచి పెద్దాయన పేరు రాయడం మానేశారు.

ఆయన్ని నేను తప్పుపట్టను. చాలామందిని లోకం నోట్లో పడకుండా కాపాడారు. కానీ పేరు తెలియని జబ్బుకి జనం తామే ఒక పేరు పెట్టుకుంటారని ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

*సత్యవతి*

సత్యవతి కొల్లేటి ఒడ్డున రోడ్డున్న ఊరి కోడలు. భర్త రాంబాబు చేపల చెరువుల మీద పని చేసేవాడు. ఆమె పుట్టిల్లు నీళ్ళకి అవతల లంకలో. లంక అంటే చుట్టూ నీళ్ళున్న ఊరు. అప్పట్లో దానికి రోడ్డు లేదు, పడవే దిక్కు. ఇవతలి రేవులో నిలబడితే అవతలి ఊరి తాటిచెట్లు కనిపించేవి.

గుండె దడ అని రాంబాబు ఆమెని మోటారుసైకిలు మీద తెచ్చాడు. బస్సులో ఎందుకు రాలేదని అడిగాను.

"బస్సులో తలుపేసేస్తారండి. బండి మీదైతే ఆపమంటే ఈయన ఆపుతారండి" అంది.

ఆ ఒక్క మాటలో జబ్బంతా ఉంది. నేను లోపల్లోపల నా తెలివికి మురిసిపోయాను. దడ వచ్చినప్పుడు తప్పించుకునే దారి లేని చోటంటే ఆమెకి భయం. మొదటిసారి అది పడవలో వచ్చింది. పండగ పూట జనంతో నిండిన పడవ నడి నీళ్ళకి చేరేసరికి ఊపిరాడక, చేతులు కొంకర్లు పోయి, ఇక చచ్చిపోతాననుకుంది. ఆ రోజు నుంచి పడవెక్కలేదు.

"ఏం జబ్బండీ ఇది?" అని అడిగింది.

"జబ్బేం లేదమ్మా, కాస్త నీరసం. ఇవి బలానికి" అని మాత్రలు రాశాను. పెద్దాయన నియమం.

మూడేళ్ళు నెలనెలా వచ్చింది. దడ తగ్గింది, నిద్ర పట్టింది. "బాగుందా అమ్మా?" అంటే "బాగుందండి" అనేది. నేను టిక్కు పెట్టుకునేదాన్ని. పడవెక్కుతున్నావా అని అడగలేదు. మాత్రలు దడని తగ్గించాయి, దడ వస్తుందేమోనన్న భయం మాత్రం రేవులోనే కాచుక్కూర్చుంది. అందుకే మీకు చెబుతున్నాను, ఆందోళన జబ్బులో "ఎలా ఉంది" అని అడిగితే సగమే తెలుస్తుంది. "ఏమేం మానేశారు" అని అడగండి. మనిషి వదులుకున్నవి లెక్కపెడితే తప్ప జబ్బు ఎంతో తెలియదు.

*ఆమె తల్లి*

నెలకోసారి మేము కొల్లేటి గట్టున ఇంకో ఊళ్ళో హైస్కూలు వరండాలో క్యాంపు పెట్టేవాళ్ళం. ఒక నెల అక్కడికి అచ్చమ్మగారని అరవై దాటిన ఆవిడ వచ్చింది. నిద్ర పట్టదంది.

"ఏవైనా దిగులుందాండీ?" అన్నాను.

"కూతురుందండి" అంది. నేను కలం పక్కన పెట్టాక మొదలుపెట్టింది.

కొడుకు పెళ్ళయింది. కొత్తకోడలు గడప దాటి లోపలికొచ్చే ముందు ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి పెళ్ళికొడుకు చేత, పెళ్ళికూతురి చేత ఒకరి పేరు ఒకరితో చెప్పించాలి. చెప్పేదాకా లోపలికి పోనివ్వకూడదు. ఇది మా వైపు ఎంత ముచ్చటైన తంతో చెప్పలేను. ఆ ఇంట్లో ఆడపడుచు ఒక్కతే. ఆ రోజు ఆమె రాలేదు. గుమ్మం ఖాళీగా ఉంది. ఎవరో పొరుగింటి పిల్లని నిలబెట్టారు.

"రాకపోతే రాకపోయిందండి, ఒంట్లో బాలేదేమో అనుకుందుం. పట్టుచీర కట్టుకుని, తలలో పూలెట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని రేవు దాకా వచ్చిందంటండి. పడవ దగ్గర నిలబడి నిలబడి ఎనక్కి తిరిగి ఎల్లిపోయిందంటండి. పడవలో ఊరోళ్ళందరూ చూశారండి. మేం అంత తక్కువైపోయామా అండీ దానికి? ఎంత పొగరండీ?"

ఆ తర్వాత రెండు ఇళ్ళ మధ్యా రాకపోకలు ఆగిపోయాయి. పిలవని చోటికి వెళ్ళకూడదని తల్లి. మొహం చూపించలేనని కూతురు. ఈ క్యాంపుకి కూడా అచ్చమ్మగారు కూతురి ఊరి రేవు తగలకుండా చుట్టుతిరుగుడు పడవలో వచ్చిందట. మా వాళ్ళ పంతాలు ఇలాగే ఉంటాయి. మాట మీద నిలబడాలని నిలబడీ నిలబడీ కాళ్ళు పీకుతున్నా కూర్చోరు.

ఊరి పేరు, అల్లుడి పేరు విన్నాను. ఆ కూతురు మూడేళ్ళుగా నా రోగి. ఎందుకు వెనక్కి తిరిగిందో ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. కానీ చెప్పడానికి వీల్లేదు. ఒక రోగి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అసలు ఆ రోగికే నేను చెప్పలేదు. నీరసమని చెప్పి పంపాను. ఆ నీరసానికి వాళ్ళ లంకలో జనం పొగరని పేరు పెట్టుకున్నారు.

*పేరు చెప్పిన రోజు*

మళ్ళీ సత్యవతి వచ్చిన రోజున తలుపు వేయించి, "నీకున్నది నీరసం కాదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

రాంబాబు కంగారుపడ్డాడు. "గుండేనాండీ?" అన్నాడు.

"గుండె కాదు. దీని పేరు పానిక్ డిజార్డర్. మన మాటలో గాబరా జబ్బనుకోండి. నాకు తెలిసి ఈ జిల్లాలో చాలామందికి ఉంది. చావు రాదు. పిచ్చి కాదు. పొగరూ కాదు, పిరికితనమూ కాదు. నయమవుతుంది."

ఇంట్లో గొడవవుతుందేమో, మందులు విసిరికొడుతుందేమో అనుకున్నాను. సత్యవతి నా వైపు తిరిగి, "అయితే ఇంకా చాలామందికుంటదాండీ?" అంది. ఉంటుందన్నాను. "దీనికి పేరుందాండీ?" అని మళ్ళీ అడిగింది. ఆ పేరు రెండుసార్లు నాతో చెప్పించుకుని, తనూ పలికి చూసుకుంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాధతో కాదు. ఇన్నేళ్ళు తనే తప్పుడు మనిషిననుకుంది.

రోగనిర్ధారణ అంటే ముద్ర వేయడమేనని వాదించేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. నిజమే, ముద్రలు వేసే డాక్టర్లున్నారు, నేనూ వేశాను. కానీ ఆ పేరు ఆ గదిలో సత్యవతి నెత్తి మీద నుంచి ఎంత బరువు దించిందో నేను కళ్ళారా చూశాను. ముందున్న ముద్రని చెరిపింది ఆ పేరే.

"మా అమ్మకి చెప్పండి. నేను చెబితే నమ్మదు" అంది సత్యవతి. నాకు కావలసిన అనుమతి దొరికింది.

వైద్యం కూడా ఆ రోజే మొదలైంది. రాంబాబుకి చెరువుల్లో మేత వేసే చిన్న దోనె ఉంది. మొదటి వారం రేవులో కూర్చోవడమే. రెండో వారం గట్టుకి కట్టేసిన దోనెలో కూర్చోవాలి. దడ వస్తుంది, రానివ్వాలి. పెరిగి పెరిగి, ఇక పెరగలేక అదే తగ్గుతుంది. తగ్గేదాకా దిగకూడదు. తర్వాత రాంబాబు గెడకర్ర వేసి కాస్త దూరం తీసుకెళ్ళాలి. రోజూ పొద్దున్నే, రోజూ కొంచెం కొంచెం దూరం.

"అవతలి ఒడ్డు ఎప్పటికండీ?" అని రాంబాబు అడిగాడు.

"తొందరేముందయ్యా" అన్నాను.

*నేను ఆగమన్నాను*

మరుసటి క్యాంపులో అచ్చమ్మగారికి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. రేవులో పట్టుచీరతో నిలబడినప్పుడు సత్యవతికి ఒంట్లో ఏం జరిగిందో, కాళ్ళెందుకు కదల్లేదో పూసగుచ్చినట్టు చెప్పాను.

"పొగరు కాదాండీ?" అంది.

"కాదండీ."

"అయ్యో నా తల్లి" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పూలెట్టుకుని వచ్చిందండి. రావాలనే వచ్చిందండి. ఎన్ని మాటలన్నానండి దాన్ని." వెంటనే లేచి నిలబడింది. "రేపే ఎల్తానండి. రేపెందుకు, ఇటునుంచిటే ఎల్తాను."

అప్పుడు నేను పుస్తకం తెరిచాను.

"పెద్దమ్మగారూ, కాస్త ఆగండి. మీరు అటు వెళ్ళిపోతే ఆమెకి ఇటు రావలసిన అవసరం తీరిపోతుంది. మళ్ళీ పడవెక్కదు. మీ మీద ఉన్న ఆపేక్షే ఆమెకి మందు. ఒక్క నెల ఓపిక పట్టండి, తనే మీ గుమ్మంలోకి వస్తుంది."

సూత్రంగా అది తప్పు కాదు. భయపడే మనిషి దగ్గరికి అన్నిటినీ మనమే మోసుకెళితే భయం పెరుగుతుంది. అది పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. అచ్చమ్మగారు నా మొహంలోకి చూసి మళ్ళీ కూర్చుంది.

"అలాగేనండి. చదూకున్నోరు మీరు. ఇన్నేళ్ళు ఆగానుగా, నెలకేవుందండి" అంది.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పింది. "పడుకుంటే ఊపిరాట్లేదండి. లేచి కూర్చుంటే నయంగా ఉంటంది." నేను నవ్వి, "బెంగండీ అది. కూతురు రాగానే అదే పోతుంది" అన్నాను. చీటీ మీద బెంగ అని రాశాను. ఆవిడ పాదాలు చీర అంచు కింద ఉన్నాయి. వంగి చూడలేదు. మెడలో స్టెతస్కోపు ఉంది, దాన్నీ వాడలేదు. బెంగ పెట్టుకున్న తల్లి కథ నాకు అంత బాగా నచ్చింది.

సత్యవతితో మాత్రం "మీ అమ్మగారికి చెప్పాను, కోపం పోయింది" అని ఊరుకున్నాను. ఎదురు చూస్తోందంటే తొందరపడి పడవెక్కి, బెదిరి, మొదటికొస్తుందని మిగతాది దాచాను. పేరు దాచినందుకు అంత పశ్చాత్తాపపడిన మనిషిని నెల తిరక్కుండానే ఇంకొకటి దాచాను చూడండి.

నాలుగో వారానికి సత్యవతి సగం నీళ్ళ దాకా వెళ్ళగలిగింది. నీళ్ళ మీద గుర్రపుడెక్క మొక్కలు అడ్డం పడితే తనే చేత్తో తోసేస్తోందని రాంబాబు సంబరంగా వచ్చి చెప్పాడు.

ఒక రోజు పొద్దున్న వాళ్ళిద్దరూ దోనెలో ఉండగా అవతలి నుంచి ఒక పడవ వేగంగా వస్తోంది. సత్యవతి తమ్ముడు దాన్లో నిలబడి కేకలేస్తున్నాడు. అడుగున చాప మీద తల్లిని కోడలు ఒళ్ళో ఆనించుకుని కూర్చుంది. ఊపిరి అందడం లేదు. ఏలూరు రోడ్డుకి దగ్గరి దారి సత్యవతి ఊరి రేవే. పంతాలూ చుట్టుతిరుగుళ్ళూ ఆ పూట ఎవరికీ గుర్తులేవు.

నేను అక్కడ లేను. రాంబాబు చెప్పాడు. "ఆ పడవ దగ్గరికి పోనియ్యండి" అందట సత్యవతి. రెండూ దగ్గరైన చోట నడి నీళ్ళలో నిలబడి ఇటు నుంచి అటు దాటేసిందట. అక్కడి నుంచి తలుపులు మూసిన వ్యానులో ఏలూరు దాకా తల్లి పక్కనే కూర్చుంది. దడ వచ్చిందా అని తర్వాత అడిగాను. గమనించలేదంది.

ఆసుపత్రిలో అచ్చమ్మగారి పాదాలు మొదటిసారి చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బెంగ కాదు. గుండె చాలాకాలంగా చెడి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. గుండె జబ్బని భయపడ్డ కూతురికి గుండె బాగుంది. బెంగ అని నేను సర్దేసిన తల్లికి గుండె పాడైంది. రెండు నెలల ముందు పట్టుకుంటే ఇంకొన్నేళ్ళు బతికేదని గుండె డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆయన నన్ను నిందించలేదు. నిందించినా బాగుండేది.

ఆవిడ ఆ తర్వాత నాలుగు రోజులే బతికింది. ఆ నాలుగు రోజులూ సత్యవతి ఆమెకి తల దువ్వింది, గంజి తాగించింది, రాత్రీ పగలూ చెయ్యి వదల్లేదు. మూడో రోజు సత్యవతి నీళ్ళకి వెళ్ళినప్పుడు అచ్చమ్మగారు నన్ను దగ్గరికి రమ్మంది.

"ఏవీ అనుకోకండి డాక్టరమ్మగారూ. మీరు ఆగమన్నారు గాబట్టి ఆగానండి. లేకపోతే ఎప్పుడో ఎల్లిపోయేదాన్ని." కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "దానికి ఈ సంగతి చెప్పకండి. మీ మీద నమ్మకం పోతే మందులు మానేత్తది."

అలాగేనన్నాను.

*పాసింజరులో*

ఆ వారం తాడేపల్లిగూడెం వెళుతూ పెద్దాయనకి అన్నీ చెప్పాను. నన్ను ఓదారుస్తారనుకున్నాను. ఆయన మరమరాల పొట్లం విప్పకుండానే భీమడోలు దాకా కూర్చున్నారు.

"పేరు చెప్పావు, మంచి పని చేశావు. నాకు అంత ధైర్యం లేకపోయింది" అన్నారు. తర్వాత, "కానీ అమ్మాయ్, పేరు దొరికాక వినడం మానేశావు" అన్నారు.

మీరు గోడకి రాసి పెట్టుకోవలసిన మాట ఏదైనా ఉంటే అదే. ఆందోళన అని రాసే ముందు మనిషి పాదాలు చూడండి, గొంతు దగ్గర థైరాయిడ్ చూడండి, గుండె వినండి. రాసిన తర్వాత కూడా మళ్ళీ వినండి. మంచి కథ దొరికితే డాక్టరు చెవులు మూసుకుపోతాయి. ఇక వైద్య సూత్రాల సంగతి. అవి మన కోసం ఆగుతాయి, ముసలివాళ్ళు ఆగలేరు. ఆ తల్లిని ఒక్క గంట వెళ్ళి కూతుర్ని చూసి రమ్మంటే నా వైద్యానికి ఏం కొంప మునిగేది?

నాకిప్పుడు ఆ ఓపీ గది కావాలి. ఆ హైస్కూలు వరండా కావాలి. అచ్చమ్మగారు లేచి నిలబడి "ఇటునుంచిటే ఎల్తాను" అన్న క్షణం తిరిగి కావాలి. "వెళ్ళిరండి" అనాలని ఉంది. అన్నాళ్ళ వృత్తిలో ఎన్ని మాటలన్నానో లెక్కలేదు గాని, అనని ఆ ఒక్క మాట కోసమే ఇవాళ్టికీ మనసు కొట్టుకుంటుంది.

*సత్యవతి అడిగింది*

నేను రిటైరయ్యానని విని సత్యవతి కిందటేడు మా ఇంటికి వచ్చింది. కిక్కిరిసిన బస్సులో, ఒక్కతే వచ్చింది. తడిగోనెలో రెండు కొరమేనులు తెచ్చింది. జుట్టు నెరిసింది. మందులు మానేసి ఏళ్ళయిందంది. లంకకి ఇప్పుడు రోడ్డు పడిందట, అయినా తను పడవలోనే వెళుతుందట.

కాఫీ తాగాక గ్లాసు కింద పెట్టి, "ఒకటడుగుతానండి, ఏవీ అనుకోకండి" అంది. "నా జబ్బు సంగతి అమ్మకి మీరు చెప్పారుగా. చెప్పాక నెల రోజులుందిగా అండీ. పొగరు కాదని తెలిసింది గదా. ఒక్కసారన్నా ఎందుకు రాలేదంటారు?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నతో బతికిందన్నమాట. ఎవర్ని అడగాలో తెలియక మనసులోనే పెట్టుకుని, తల్లి పూర్తిగా క్షమించలేదేమోనని కుమిలింది. అచ్చమ్మగారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. మందులు మానేస్తుందన్న భయంతో తీసుకున్న మాట అది. ఆ భయం ఇప్పుడు లేదు.

"వస్తానందమ్మా. అప్పటికప్పుడే లేచి నిలబడింది. నేనే వద్దన్నాను" అన్నాను.

అంతా చెప్పాను. ఆగమన్నది, ఎందుకు ఆగమన్నది, పాదాలు చూడనిది, అన్నీ. చివరికి అచ్చమ్మగారు ఆసుపత్రిలో చెప్పిన ఇంకో సంగతి కూడా చెప్పాను. కూతురు పొద్దున్నే దోనెలో నీళ్ళ మీదకి వస్తోందని పడవవాళ్ళ వల్ల తెలిసి, ఆ నెలంతా రోజూ ఆ వేళకి వాళ్ళ రేవులో వచ్చి కూర్చునేదట.

సత్యవతి తిడుతుందని ఎదురుచూశాను. తిడితే పడాలని కూడా అనుకున్నాను.

"దడ వచ్చినప్పుడు దూరంగా ఏదన్నా ఒక్కదాన్నే చూస్తా ఉండమన్నారు కదండీ మీరు" అంది. "అవతలి రేవులో ఎవరో ఒకావిడ కూర్చుని కనిపించేదండి. రోజూ ఆవిణ్ణే చూసేదాన్నండి. ఆవిణ్ణి చూస్తే తగ్గేదండి."